అద్దాల తొట్టెలోని చేప కూరకు పనికివచ్చునా?

గత శీతకాలమున ప్రకృతిశాస్త్ర పాఠమునకై మా తరగతిలో ఒక అద్దాల తొట్టె నుంచి, అందు నాలుగు బంగారు చేపలను విడిచితిమి. పిల్లలు చుట్టును మూగి వాని రంగులను మెచ్చుకొనుచుండగా, నాగాయలంక వైపునుండి వచ్చు విద్యార్థి యొకడు లేచి, "మాస్టారూ, వీటిని సంతలో పెట్టిన కొనువారుందురా? వండుకొని తినవచ్చునా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. అతడు మాత్రము నవ్వలేదు. అతని తండ్రి కాలువలలో వల వేసి కుటుంబమును పోషించుకొనువాడు. ఒడలంతయు గట్టి పలకలు, ముండ్లుగల నల్లని చేపలు ఆ వారమే వలలో పడి దానిని చింపినవనియు, వానిని ఊరిలో నెవ్వరును కొనలేదనియు, అవి పట్టణములలో తొట్టెలకై అమ్ము జాతివనియు మాకు తరువాత తెలిసినది. కావున ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. దానికి సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట నొక సంగతి గ్రహింపవలెను. అలంకారపు చేప, ఆహారపు చేప అను భేదము మనుష్యుడు కల్పించినదే గాని ప్రకృతి యేర్పరచినది కాదు. బంగారు చేప పూర్వులను చీనా దేశస్థులు వండుకొని తినుచుండిరి. వానిలో అప్పుడప్పుడు పుట్టు ఎఱ్ఱని, పసుపుపచ్చని పిల్లలను ఏరి, సుమారు 1000 సంవత్సరముల క్రిందట సుంగ్ రాజుల కాలమున కొలనులలో వేఱుగ పెంచసాగిరి. జపానులోని నీగాటా ప్రాంతపు వరిరైతులు చలికాలపు ఆహారమునకై పెంచుకొనిన గండుచేపలనుండియే 19వ శతాబ్దమున రంగురంగుల కోయి చేపలు వచ్చినవి. గౌరామి యను పెద్ద చేప జావా వారికి విందుభోజనము. 1916లో మద్రాసు రాజధాని మత్స్యశాఖవారు దానిని ఆహారము కొరకే తెప్పించిరి. నేడు దాని పిల్లలను వేడుకకై తొట్టెలలో పెంచువారు ననేకులు.

ఇంత దూరము పోనేల? గుడివాడ, కైకలూరు ప్రాంతముల చెరువులనే చూడుడు. అచ్చట పెంచు రూప్‌చంద్ అమెజాను నదీ ప్రాంతపు చేప. విదేశములలో దాని పిల్లలను అద్దాల తొట్టెలలో పెంచుకొందురు. 2000 తరువాత బంగ్లాదేశము మీదుగా వచ్చిన ఆ జాతిని మనవారు చెరువులలో పెంచి కిలోల లెక్కన అమ్ముచున్నారు. అది సముద్రపు చందువను పోలియుండును గాన, కొనువారు పేరడిగి మరి కొనవలెను. పంగస్ చేప మెకాంగ్ నదినుండి వచ్చినది. చిన్ననాడు దాని ఒడలు మెఱయుచుండుటచే తొట్టెల వ్యాపారులు దానికి షార్కు అని పేరు పెట్టిరి. నిజమునకది సొరచేప కాదు, జెల్లల కోవకు చెందినది. పెరిగినచో మీటరు పొడవును మించును. తొట్టెలో ముద్దుగ నాడునట్టి చేపయే చెరువులో పెరిగి మన పులుసులోనికి వచ్చుచున్నదన్న మాట.

అట్లయిన తొట్టెలోని చేపనెల్ల తినవచ్చునా? తినరాదు. అందులకు మూడు కారణములు గలవు.

మొదటిది తూకము. గప్పీ చేప మిక్కిలి పెరిగినను ఒక గ్రాము తూగుట కష్టము. కిలో కావలెనన్న వెయ్యికి పైగా చేపలు కావలెను. అవి ఒక్కొక్కటిగా వెలకు అమ్ముడుపోవునవి. వానిని కూరకు తూచి అమ్మినవాడు నష్టపోవును.

రెండవది మందు. తొట్టె చేపలకు బూజు, తెల్లమచ్చల తెగులు వచ్చినపుడు మాలకైట్ గ్రీన్ అను రంగుమందును నీటిలో కలుపుదురు. అది చేప మాంసమున బహుదినములు నిలిచియుండును. దానివలన పుట్టకురుపు కలుగునను భయముచే యూరపు, అమెరికా దేశములు ఆహారపు చేపలకు దానిని నిషేధించినవి. వండినంత మాత్రమున అది పోవునని నమ్మరాదు.

మూడవది విషము. బంతివలె ఉబ్బు చేపలను కొందఱు వేడుకకు పెంచుదురు. వానిలో పెక్కింటి యందు ప్రాణము తీయు విషముండును. అది పొయ్యిమీద కాగినను చెడదు.

ఇక మన విద్యార్థి తండ్రి వలలో పడిన చేప సంగతి. దానిని పలువురు దెయ్యపు చేప యనుచున్నారు. దక్షిణ అమెరికా దాని పుట్టినిల్లు. అద్దమునకు పట్టిన పాచిని నాకి శుభ్రము చేయునని తొట్టెలలో నుంతురు. అర మీటరు వఱకు పెరుగగానే తొట్టె చాలక, యజమానులు దానిని కాలువలోనో చెరువులోనో విడుతురు. అది గట్లలో బొరియలు త్రవ్వును, వలలను చించును, నీరు లేకున్నను కొన్ని గంటలు బ్రతుకును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇటీవల పరీక్షింపగా, తూర్పు కనుమల జలాశయములలో నూటికి సుమారు 60 వంతుల దాని జాడ కనబడినది.

దీనిని తినవచ్చునా? అమెజాను తీరవాసులు పలకలతోనే కాల్చుకొని తిందురు; ఎండబెట్టి పిరాకుయి యను పిండిని చేసికొందురు. మెక్సికోలోని ఇన్ఫియర్నియో జలాశయమున ఈ చేప నిండిపోయి తిలాపియా వేట దెబ్బతినగా, అచ్చటివారు దీనినే ఆహారముగ అమ్మజూచిరి. అయినను పలకలు, తల తీసివేసిన మిగులు మాంసము స్వల్పము. అడుగు బురదను తినునది గనుక, మురుగు నీటిలో పెరిగినచో సీసము వంటి లోహములు దాని ఒంట చేరును. కావున మంచి నీటిలో దొరకినది, పరీక్షించినది అయినచో తినవచ్చును; పట్టణపు మురుగు కలియు కాలువలో దొరకినది తగదు. పట్టినదానిని మరల నీటిలో విడువక గట్టుపై పూడ్చుట మేలు.

ఇప్పుడు ప్రశ్నకు ఉత్తరము చెప్పవచ్చును. చేప కూరకు పనికివచ్చుట దాని రంగునుబట్టి కాదు; దాని జాతి, అది పెరిగిన నీరు, దానికి వాడిన మందు, ఈ మూటినిబట్టి. ఆహారమునకై చెరువులో పెంచినదానిని తినుడు. తొట్టెలోనిదానిని చూచి ఆనందించుడు.

వేసవి సెలవులు వచ్చినపుడు, "చేపలను పులిగడ్డ కాలువలో విడుతుమా?" అని పిల్లలడిగిరి. ఆ ప్రశ్న వేసిన బాలుడే ముందుగా "వద్దు" అనెను. దివిసీమ కాలువలు రెండు పాయల నడుమ ఊరూరికి అల్లుకొనియున్నవి. ఒకచోట విడిచినది పదిచోట్ల వలలలో పడును. తొట్టెను ఆ బాలునికే అప్పగించితిమి. సెలవుల తరువాత నాలుగు చేపలును క్షేమముగ తిరిగి వచ్చినవి.