మద్యవిముక్తి సహవాసంలో సేవా బాధ్యతలు

మద్యపాన వ్యసనం చికిత్సకు లొంగే వ్యాధి. బెంగళూరులో హోసూరు రోడ్డునందలి నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉన్నది. అయితే చికిత్స ముగిసి ఇల్లు చేరిన తరువాత గడపవలసిన సాయంకాలాలు అనేకం. సొంత ఊరు విడిచి వచ్చినవారికి అవి మరింత కఠినమైనవి. మందలించే పెద్దలు దగ్గర ఉండరు. బటవాడా నాడు తాగుదాం రమ్మని పిలిచే తోటివారు మాత్రం ఉంటారు. ఆ సమయంలో తోడు నిలిచే సంస్థలలో ఆల్కహాలిక్స్ అనానిమస్ ఒకటి. దీనినే ఏ.ఏ. అంటారు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే ఇందులో సభ్యత్వానికి అర్హత.

సేవ ఎందుకు?

1935 మే నెలలో బిల్ విల్సన్ అనే వ్యాపారి అమెరికాలోని ఆక్రన్ నగరానికి పనిమీద వెళ్లాడు. అతడు తాగుడు మాని అప్పటికి అయిదు నెలలు. తలపెట్టిన పని చెడింది. బస చేసిన హోటలులోని బారు అతనిని ఆకర్షించింది. తాను నిలవాలంటే తనవంటి మరొక బాధితునితో మాట్లాడాలని తోచి, పలువురికి ఫోన్లు చేసి, చివరకు డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలుసుకున్నాడు. అంతకుముందు అతడు ఎందరికో నచ్చజెప్పినా వారు మానలేదు. కాని చెప్పే ప్రయత్నంలో తాను తాగకుండా నిలిచాడు. సేవ మొదట చేసేవారినే కాపాడుతుందన్న గ్రహింపు అక్కడ కలిగింది. స్మిత్ తాగుడు మానిన 1935 జూన్ 10వ తేదీనే ఏ.ఏ. స్థాపన దినంగా పరిగణిస్తారు. 1957లో ఈ సహవాసం భారతదేశంలో ప్రారంభమైంది.

బాధ్యతలు ఏవి?

కొత్తగా చేరినవారికి సాధారణంగా కుర్చీలు సర్దడం, టీ అందించడం వంటి పనులు అప్పగిస్తారు. స్థానిక భాష పూర్తిగా రానివారికి కూడా ఈ పనులకు అడ్డు లేదు. పని ఉన్నవారు సమయానికి వస్తారు. రాకపోతే వారికోసం ఎదురుచూసేవారు ఉంటారు.

సమావేశాన్ని నడిపే అధ్యక్షుడు అందరికీ మాట్లాడే అవకాశం దొరికేలా, ఒకరి మాటకు మరొకరు అడ్డు రాకుండా చూస్తారు. కార్యదర్శి స్థలం, వేళ, వక్తల ఏర్పాట్లు చూసుకుంటారు. పుస్తకాలను, కరపత్రాలను మరొకరు భద్రపరుస్తారు.

కోశాధికారి బాధ్యత గమనింపదగినది. సభ్యత్వ రుసుము లేదు. బయటివారి విరాళాలు స్వీకరించరు. సభ్యులు స్వచ్ఛందంగా ఇచ్చిన సొమ్ముతోనే అద్దె, టీ, పుస్తకాల ఖర్చు గడవాలి. ఆ లెక్కను కోశాధికారి అందరికీ వినిపిస్తారు. ఒకప్పుడు కూలిడబ్బు ఇంటికి చేర్చలేకపోయిన వ్యక్తి చేతికి పదిమంది సొమ్ము అప్పగించడం చిన్న విషయం కాదు. అందువల్ల కొంతకాలం మద్యానికి దూరంగా నిలిచినవారినే దీనికి ఎన్నుకోవడం పరిపాటి.

బృందం అభిప్రాయాన్ని పై సమావేశాలకు చేరవేసే ప్రతినిధి ఒకరు ఉంటారు. ఆసుపత్రులకు, జైళ్లకు వెళ్లి తమ అనుభవం చెప్పేవారూ, సహాయం కోరే ఫోన్లకు బదులిచ్చేవారూ ఉంటారు. స్పాన్సర్ మాత్రం ఎన్నికతో వచ్చే స్థానం కాదు. కొత్త సభ్యుడు తానే కోరుకొన్న అనుభవజ్ఞుడు అతనికి పన్నెండు మెట్ల సాధనలో తోడుంటాడు.

నియమాలు

1950లో క్లీవ్‌లాండ్ మహాసభ ఆమోదించిన పన్నెండు సంప్రదాయాల ప్రకారం నాయకులు సేవకులే. వారికి పాలించే అధికారం లేదు. బాధ్యతలు నిర్ణీత కాలానికి చేతులు మారుతాయి. ఒకరే ఏళ్ల తరబడి పట్టుకొని కూర్చుంటే సేవ పెత్తనంగా మారుతుంది. కొత్తవారికి పని మిగలదు. సభ్యుల పేర్లు, వారు చెప్పుకొన్న విషయాలు బయట చెప్పరాదు. మేస్త్రీకి, ఇంటి యజమానికి, బంధువులకు తెలిసిపోతుందన్న భయంతో వెనుకాడేవారికి ఈ నియమమే ధైర్యం.

పరిమితులు

సేవకులు వైద్యులు కారు. చాలాకాలం అధికంగా తాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమణం కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చును. అట్టివారు ముందుగా వైద్యుని కలవాలి. అప్పులు, ఉద్యోగాలు, వసతి సమకూర్చడం ఏ.ఏ. పని కాదు. కుటుంబసభ్యులకు 1951లో ఏర్పడిన అల్-అనాన్ అనే వేరొక సహవాసం ఉన్నది. వ్యసన విముక్తికి 14446, మానసిక సహాయానికి టెలి మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చును. సమావేశం ఏ భాషలో జరుగుతుందో ముందుగా విచారించి వెళ్లడం మంచిది.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. బాధ్యతలు చేతులు మారడం వల్ల కొత్త సభ్యునికి కలిగే మేలు ఏమిటి?
2. బయటి విరాళాలు స్వీకరించకపోవడం సభ్యుల బాధ్యతను ఎట్లా పెంచుతుంది?
3. తాగుడు మానదలచిన పొరుగువానిని సమావేశానికి తీసుకువెళ్లే ముందు ఏ విషయం విచారించాలి?