పంటి నొప్పికి యాంటీబయాటిక్ ఎందుకు రాయలేదు?

ప్రశ్న: పన్ను జివ్వుమని లాగేస్తోంది. డాక్టరు రూట్ కెనాల్ చేయాలన్నారు, నొప్పి మాత్ర మాత్రమే రాశారు. మందుల షాపులో అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తామంటున్నారు. వాడొచ్చా?

జవాబు: వద్దండీ. మీ డాక్టరు సరిగ్గానే రాశారు. పంటి నరం వాచి వచ్చే నొప్పి యాంటీబయాటిక్‌తో తగ్గదు. నరం చచ్చిపోతే పంటి లోపలికి రక్తమే చేరదు, ఇక మందెలా చేరుతుంది? ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఇలాంటప్పుడు ముందు పంటికే చికిత్స చేయాలని 2019లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కూడా చెప్పింది. ‘ఎందుకైనా మంచిద’ని రాసేసేవాళ్లు మా దంత వైద్యుల్లోనూ ఉన్నారు, రోగి అడిగాడని రాసేవాళ్లూ ఉన్నారు. అనవసరపు కోర్సు వల్ల నోట్లో, పేగుల్లో మందుకు లొంగని బ్యాక్టీరియా మిగిలి పెరుగుతుంది. జ్వరం, బుగ్గ వాపు ఉంటే సంగతి వేరు: మందూ కావాలి, చీమూ తీయాలి. మింగడం, ఊపిరి కష్టమైతే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.