యాంప్లిఫయర్‌లో పవర్ సప్లయ్ పాత్ర

యాంప్లిఫయర్ కట్టే మన విద్యార్థులు డబ్బంతా ట్రాన్సిస్టర్లమీద, స్పీకర్లమీద పోసి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పిసినారితనం చూపిస్తారు. నిజానికి స్పీకర్లోకి వెళ్ళే కరెంటంతా పవర్ సప్లయ్‌దే. ట్రాన్సిస్టర్ చేసేది దాన్ని పాటకు తగినట్టు హెచ్చించి తగ్గించడమే.

మన మెయిన్స్ 50 హెర్ట్జ్. బ్రిడ్జి రెక్టిఫయర్ ఫిల్టర్ కండెన్సర్‌ను సెకనుకు 100 సార్లు నింపుతుంది. మధ్యలోని సుమారు 10 మిల్లీసెకన్లు భారమంతా కండెన్సర్‌దే. 1 ఆంపియరు లాగితే 1000 మైక్రోఫారడ్ల కండెన్సర్ మీద వోల్టేజి దాదాపు 10 వోల్టులు పడిపోతుంది! 4700 పెడితే ఆ పతనం 2 వోల్టుల చిల్లర. 8 ఓముల స్పీకర్‌కు 25 వాట్లు ఇవ్వాలంటే శిఖరం వద్ద 20 వోల్టులు కావాలి. సప్లయ్ 18కి దిగిందా, మృదంగం దెబ్బ పడ్డప్పుడల్లా తరంగం తల తెగి శబ్దం బొంగురు పోతుంది.

ఇక పాట ఆగినా వినిపించే గుయ్‌మనే మోత. కండెన్సర్ పెంచినా ఒక్కోసారి అది పోదు. నా మొదటి సెట్టులో ప్రీయాంప్లిఫయర్ ఎర్తు తీగను ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్‌కూ కండెన్సర్లకూ మధ్యనున్న తీగమీద సోల్డర్ చేశాను. కండెన్సర్‌ను నింపే కరెంటు పోట్లు ఆ తీగగుండానే పోతాయి కదా! దాన్ని విప్పి, కండెన్సర్ల ఉమ్మడి కొసకు అవతల ఎర్తు తీగలన్నీ ఒక్కచోట కలిపితే మోత పోయింది. ఖర్చు కాస్త సోల్డరే.