పండగల నడుమ 21 కిలోమీటర్లు: ఇంటిల్లిపాదికీ ఒక పాఠం



"రోజూ కొంచెం చదివితే పరీక్ష ముందు రాత్రి జాగారం చేయనక్కర్లేదు" అని పిల్లలకు మనం ఎన్నిసార్లు చెప్పి ఉంటామో లెక్కలేదు. ఆ మాటను మనమే ఆచరించి చూపించాలంటే హాఫ్ మారథాన్ మంచి అవకాశం. దూరం 21.0975 కిలోమీటర్లు. దీన్ని బట్టీ పట్టలేం, చివరి వారంలో కవర్ చేయలేం. కాళ్లు, గుండె, ఊపిరితిత్తులు వారం వారం కొంచెం కొంచెంగానే అలవాటు పడతాయి.

మన నగరంలో హైదరాబాద్ మారథాన్ 2011లో మొదలైంది. సాధారణంగా ఆగస్టు చివరి ఆదివారాల్లో జరుగుతుంది. అందులోనే హాఫ్ మారథాన్ కూడా ఉంటుంది. పరుగు నెక్లెస్ రోడ్డు మీది పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి వైపు సాగుతుంది. దారిలో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఎక్కువ. ఆగస్టు పరుగు అంటే సాధన జూన్, జూలైలలో జరగాలి. సరిగ్గా అప్పుడే ఆషాఢ బోనాలు, శ్రావణ శుక్రవారాలు, రాఖీ, వినాయక చవితి ఏర్పాట్లు వరుస కడతాయి. "పండగలు అయ్యాక మొదలుపెడదాం" అనుకుంటే మన ఊళ్లో ఆ రోజు ఎప్పటికీ రాదు. పండగలను ముందే ప్లాన్‌లో రాసుకోవడమే ఈ నెల పాఠం.

తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఉదాహరణగా 2025 క్యాలెండర్ తీసుకుందాం. పరుగు ఆగస్టు 24, ఆదివారం. అక్కడి నుంచి 12 వారాలు వెనక్కి వెళితే జూన్ 1 వస్తుంది. బడులు తెరిచింది జూన్ 12న. అంటే పిల్లల కొత్త విద్యాసంవత్సరం, మన సాధన దాదాపు ఒకేసారి మొదలవుతాయన్నమాట.

ఇప్పుడు పండగలు రాద్దాం. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాలు జూలై 13, ఆదివారం, మర్నాడు రంగం. లాల్ దర్వాజ బోనాలు జూలై 20. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8, రాఖీ ఆగస్టు 9. స్వాతంత్ర్య దినోత్సవం 15, మర్నాడు కృష్ణాష్టమి. వినాయక చవితి ఆగస్టు 27, అంటే పరుగు అయిన మూడో రోజు.

ఇవన్నీ గుర్తు పెట్టుకున్నాకే కిలోమీటర్లు రాయాలి. నడక, పరుగు కలిపి 4 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా పూర్తి చేయగలవారికి వారానికొక లాంగ్ రన్ ఇలా ఉండొచ్చు:

1వ వారం (జూన్ 8): 5 కి.మీ.
2వ వారం (జూన్ 15): 6 కి.మీ.
3వ వారం (జూన్ 22): 8 కి.మీ.
4వ వారం (జూన్ 29): 9 కి.మీ.
5వ వారం (జూలై 6): 10 కి.మీ.
6వ వారం (జూలై 12, శనివారం): 6 కి.మీ. మర్నాడు బోనాలు కాబట్టి ఇది తేలిక వారం.
7వ వారం (జూలై 20): 12 కి.మీ. పాతబస్తీలో చుట్టాలుంటే శనివారమే ముగించండి.
8వ వారం (జూలై 27): 14 కి.మీ.
9వ వారం (ఆగస్టు 3): 11 కి.మీ.
10వ వారం (ఆగస్టు 10): 17 కి.మీ. శుక్రవారం ఉపవాసం, శనివారం రాఖీ అయ్యాక ఆదివారం.
11వ వారం (ఆగస్టు 17): 10 కి.మీ.
12వ వారం (ఆగస్టు 24): 21.1 కి.మీ.

లాంగ్ రన్ కాక వారంలో మరో రెండు రోజులు 30 నుంచి 45 నిమిషాలు తేలికగా పరుగెత్తితే చాలు. ఇంకొక రోజు ఇంట్లోనే స్క్వాట్లు, మడమలు ఎత్తి దించడం, ప్లాంక్ లాంటి వ్యాయామాలు చేయండి. మిగతా రోజులు విశ్రాంతి. బోనాల వారాన్ని తేలికగా ఉంచడం పండగ కోసం మాత్రమే కాదు. మూడు నాలుగు వారాలు దూరం పెంచాక ఒక వారం తగ్గించడం శరీరానికీ అవసరమే. ఆ తగ్గించే వారాన్ని పండగ వారంతో కలిపితే రెండు పనులూ నెరవేరుతాయి.

తేదీలు ఏటా మారతాయి. 2026లో అధిక మాసం రావడంతో చవితి సెప్టెంబర్ 14కు జరిగింది. కాబట్టి పై పట్టికను కాపీ చేయకండి. పద్ధతి మాత్రం తీసుకోండి.

తప్పిపోయిన వారాన్ని కవర్ చేయకండి

ఇంటికి చుట్టాలొస్తారు, పిల్లలకు యూనిట్ టెస్టులుంటాయి, మనకు జ్వరం రావచ్చు. ఒక లాంగ్ రన్ తప్పిపోతుంది. అప్పుడు 12, 14 కలిపి ఒకేసారి 26 కిలోమీటర్లు పరుగెత్తాలనుకోవడం గాయానికి దగ్గరి దారి. తప్పినది తప్పినట్టే వదిలేసి, అంతకుముందు పూర్తి చేసిన దూరం దగ్గర మళ్లీ అందుకోండి. మూడు వారాలకు మించి తప్పిపోతే ఆ ఏడాది 10 కిలోమీటర్ల పరుగుకు మారడం తెలివైన పని.

వేగం విషయంలో గుర్తు ఒక్కటే. పక్కనున్నవారితో రెండు మూడు వాక్యాలు ఆయాసపడకుండా మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు. నడక కలపడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక పద్ధతిలో హాఫ్ మారథాన్ పూర్తి చేసేవారు ఎందరో ఉన్నారు.

బన్సీలాల్‌పేట్ నుంచి ఎటు వెళ్లాలి?

మన పేట సందులు ఇరుకు. వానాకాలంలో నీళ్లు నిలిస్తే గుంత ఏదో, మ్యాన్‌హోల్ ఏదో కనిపించదు. పైగా వీధికుక్కలు. అందుకని మెట్ల బావి పరిసరాల నుంచి పెద్ద రోడ్డు దాకా వార్మప్ లాగా నడవండి. 17వ శతాబ్దం నాటి ఆ బావి ఏళ్ల తరబడి చెత్తలో పూడుకుపోయి ఉండేది. పూడిక తీసి, బాగు చేసి 2022 డిసెంబర్ 5న మళ్లీ ప్రారంభించారు. పిల్లలకు ఇంకా చూపించకపోతే పరుగు లేని ఒక సాయంత్రం తీసుకెళ్లండి.

అక్కడి నుంచి కవాడిగూడ మీదుగా ట్యాంక్ బండ్ రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ట్యాంక్ బండ్, నెక్లెస్ రోడ్డు ఫుట్‌పాత్‌లే మనకు దగ్గరి మైదానం. తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరితే ఎండా ట్రాఫిక్కూ రెండూ తప్పుతాయి. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడి పక్కన, లేత రంగు బట్టల్లో వెళ్లండి. చీకట్లో ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. ఎటు వెళ్తున్నదీ ఇంట్లో చెప్పండి. ఫ్లైఓవర్ల సాధన కోసం వారంలో ఒక రోజు ఏదైనా ఎత్తు దారిలో పరుగెత్తండి.

మహంకాళి బోనాల రోజుల్లో గుడి చుట్టుపక్కల దారులు మళ్లిస్తారు. చవితి దగ్గరపడితే సందుల్లో మండపాల కర్రలు, తాళ్లు, కరెంటు వైర్లు అడ్డం వస్తాయి. నవరాత్రుల్లో హుస్సేన్ సాగర్ చుట్టూ నిమజ్జనం జనమే. ఆ రోజుల్లో దగ్గర్లోని పార్కు గానీ, స్కూల్ గ్రౌండ్ గానీ మేలు. రాత్రంతా డీజే మోతకు నిద్ర లేకపోతే ఉదయం పరుగు మాని అరగంట నడవండి. బతుకమ్మ, దసరా దాటి చలికాలం పరుగులకు సిద్ధమయ్యేవారు దీపావళి మర్నాడు ఉదయం బయట పరుగెత్తకండి. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఉక్కపోత, నీళ్లు

వానాకాలంలో చల్లగా ఉందనిపించినా గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అందుకే మామూలు వేగం కూడా భారంగా అనిపిస్తుంది. ఆ రోజు గడియారాన్ని కాదు, ఊపిరిని చూసి పరుగెత్తండి.

ఎన్ని నీళ్లు కావాలో తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక ప్రయోగం చేయొచ్చు. గంట పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే దాదాపు ఒక లీటరు నీరు పోయినట్టు. బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగినట్టు. అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. దాహం వేసినప్పుడు తాగండి. గంట దాటిన పరుగుల్లో ఓఆర్ఎస్ గానీ, ఉప్పు వేసిన నిమ్మరసం గానీ ఉంచుకోండి. బీపీ, షుగర్, కిడ్నీ సమస్యలున్నవారు ఈ విషయం డాక్టరును అడగండి.

పండగ వంట, ఉపవాసం

పండగ తిండి మానాల్సిన పని లేదు. ఎప్పుడు తినాలో చూసుకుంటే చాలు. లాంగ్ రన్‌కు ముందు రాత్రి గారెలు, మాంసం కూర లాంటి నూనె, మసాలా వంటలు కడుపులో బరువుగా ఉండిపోతాయి. అన్నం పప్పు, ఇడ్లీ, ఆవిరి మీద ఉడికిన కుడుములు తేలిక. పులిహోర, బొబ్బట్లు పరుగు అయ్యాక తినండి. అప్పుడు ఒంటికి పిండిపదార్థం కావాలి, తిన్న తృప్తీ ఉంటుంది.

ఉపవాసం ఉన్న రోజు విశ్రాంతి రోజు. మర్నాడు కూడా లాంగ్ రన్ వద్దు. ఒక రోజంతా తిని, నీళ్లు తాగి కోలుకున్నాకే వెళ్లండి. పై పట్టికలో 17 కిలోమీటర్లను ఆదివారానికి పెట్టింది అందుకే.

ఎప్పుడు పరుగెత్తకూడదు?

ఈ భాగం మాత్రం ఇంట్లో అందరూ చదవండి.

- 40 దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవారుంటే డాక్టరును కలిశాకే సాధన మొదలుపెట్టాలి.
- జ్వరం ఉన్నప్పుడు పరుగు వద్దు. వైరల్ జ్వరం కొన్నిసార్లు గుండె కండరానికి వాపు తెస్తుంది. జ్వరం తగ్గి, నీరసం పూర్తిగా పోయాక నడకతో మొదలుపెట్టండి. డెంగీ వచ్చినవారు డాక్టరు సరేనన్నాకే.
- నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి.
- ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం, గుండె దడ, చల్లని చెమట కనిపిస్తే ఆ క్షణమే ఆగండి. 108కు ఫోన్ చేయండి. ఫీజు కట్టాం, బంధువులకు చెప్పాం అని కొనసాగించకండి.
- పరుగెత్తేవారు తికమకగా మాట్లాడుతుంటే వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి.

మెడల్ వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది. ఇంట్లో మన కోసం ఎదురుచూసేవాళ్లకు మనం క్షేమంగా తిరిగి రావడం ముఖ్యం.

ఇంటి పని ఎవరిది?

పండగ రోజు ఇంట్లో అందరికంటే ముందు లేచేది, చివర పడుకునేది చాలా ఇళ్లలో అమ్మే. నాన్న ఆదివారం రెండు గంటలు పరుగుకు వెళితే ఆ రెండు గంటల పని ఎవరో ఒకరు చేయాల్సిందే. అమ్మ సాధన చేయాలనుకుంటే పిల్లల టిఫిన్, బాక్సులు, స్కూలు బస్సు దగ్గర దింపడం ఇంకొకరు అందుకోవాలి. కాబట్టి ప్లాన్‌లో కిలోమీటర్ల పక్కన ఇంకో గడి గీసి, ఆ ఉదయం వంట ఎవరిది, నానమ్మకు మాత్రలు ఇచ్చేది ఎవరు అని రాసుకోండి. ఈ గడి ఖాళీగా ఉంటే సాధన మధ్యలోనే ఆగిపోవచ్చు, లేదా ఇంకొకరి నిద్ర మీద సాగవచ్చు. పిల్లలు గమనించేది దీన్నే.

పరుగు రోజు

కొత్త బూట్లు, కొత్త తిండి ఏదీ ఆ రోజు ప్రయత్నించకండి. ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో, సాధనలో ఏది ఒంటికి పడిందో అదే తినండి. మొదటి 5 కిలోమీటర్లు కావాలనే నెమ్మదిగా వెళ్లండి. ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయండి, అవసరమైతే నడవండి. ముగించాక వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడవండి.

పిల్లలతో చేయించండి

1. క్యాలెండర్‌లో పరుగు తేదీ, పండగలు, పరీక్షలు మూడు రంగుల్లో గుర్తు పెట్టించండి. ఏ వారం తేలికగా ఉండాలో వాళ్లనే చెప్పమనండి.
2. ఆరో తరగతి పైవాళ్లకు లెక్క: కిలోమీటరుకు 8 నిమిషాలు పడితే 21.0975 కిలోమీటర్లకు ఎంత సేపు? (జవాబు: దాదాపు 2 గంటల 48 నిమిషాల 47 సెకన్లు.) 7 నిమిషాలైతే ఎంతో, 9 అయితే ఎంతో చేయించండి.
3. పిల్లలను 21 కిలోమీటర్లకు తీసుకెళ్లకండి. తేలిక వారాల్లో ఒక రోజు వాళ్లతో కలిసి ఒకటి రెండు కిలోమీటర్లు, వాళ్ల వేగంతో వెళ్లండి.
4. ప్రతి ఆదివారం మీరు పూర్తి చేసిన దూరాన్ని వాళ్ల చేత్తోనే పట్టికలో రాయించండి. తప్పిపోయిన వారం ఉంటే ఆ గడిని ఖాళీగానే వదిలేయమనండి. వాళ్ల స్లిప్ టెస్టులో మార్కులు తగ్గినప్పుడు ఏం చెప్పాలో ఆ ఖాళీ గడి పక్కన కూర్చుని మాట్లాడుకోవచ్చు.