కప్పలలో లింగ నిర్ణయము: జన్యువులు, పరిసరములు

మానవులలో శిశువు ఆడయో మగయో ఫలదీకరణ క్షణముననే నిర్ణయింపబడునని మనము తరగతిలో చదివియున్నాము. రెండు ఎక్స్ క్రోమోజోములైన ఆడ. ఎక్స్, వై అయిన మగ. ఈ సూత్రమును కంఠస్థము చేసిన విద్యార్థి దానిని సమస్త జీవులకును వర్తింపజేయుట సహజము. మన జంతుశాస్త్ర ప్రయోగశాలల బల్లలపై దీర్ఘకాలము కోతకు గురియైన కప్ప మాత్రము ఈ సూత్రమునకు సులభముగా లొంగదు.

ఆఫ్రికా ఖండపు జెనోపస్ కప్పను చూతము. 1950 దశకములో గాలియన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడును, అమెరికాలో ఛాంగ్, విట్షీ అనువారును దీని తోకకప్పలను స్త్రీ హార్మోను కలిపిన నీటిలో పెంచిరి. అన్నియు ఆడవైనవి. అట్టి ఆడకప్పలను సాధారణ మగకప్పలతో జతపరుపగా, కొన్నింటికి పుట్టిన సంతానము యావత్తు మగవే. అనగా ఆ తల్లులు రూపమున ఆడవే కాని జన్యువుల రీత్యా మగవి! దీనినిబట్టి ఈ జాతిలో మగకు రెండు జెడ్ క్రోమోజోములును, ఆడకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ కలవని రుజువైనది. ఇచ్చట లింగమును నిర్ణయించునది తండ్రి కాదు, తల్లి.

డబ్ల్యూ క్రోమోజోముపైనున్న నిర్ణాయక జన్యువును 2008లో జపాను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. దాని పేరు డి.ఎం.-డబ్ల్యూ. బీజకోశమును ముష్కముగా మలచుటకు తోడ్పడు డి.ఎం.ఆర్.టి.1 అను జన్యువునకు ఇది అసంపూర్ణమైన నకలు. డి.ఎన్.ఏ.ను పట్టుకొను భాగము దీనికున్నది. పనిని ప్రారంభింపజేయు భాగము లేదు. తాను పనిచేయక, పనిచేయువానిని కుర్చీలో కూర్చుండనీయని ఉద్యోగివలె అసలు ప్రొటీను స్థానమును ఇది ఆక్రమించును. అందుచే బీజకోశము అండాశయమగును.

అయినను ఈ ఏర్పాటు కప్పలన్నింటికిని ఒకటి కాదు. జపానులోని రుగోసా అను ఒకే జాతి కప్పలలో కొన్ని ప్రాంతములవారికి ఎక్స్-వై పద్ధతి, మరికొన్ని ప్రాంతములవారికి జెడ్-డబ్ల్యూ పద్ధతి కలవు. మన పెరళ్ళలోని గోదురుకప్ప సంగతి మరియు విచిత్రము. మగదానిలో సైతము ముష్కముల చెంత బిడ్డర్ అవయవమను చిన్న అండాశయపు మొలక నిలిచియుండును. ముష్కములను తొలగించినచో కాలక్రమమున అది నిజమైన అండాశయముగా పెరుగగలదు.

ఇక పరిసరముల ప్రభావము. 1929లో విట్షీ అమెరికా అడవికప్ప తోకకప్పలను 32 డిగ్రీల సెంటీగ్రేడు నీటిలో పెంచి, ఆడవాని అండాశయములు ముష్కములుగా మారుటను ప్రకటించెను. ప్రకృతిలో అంతటి వేడి దీర్ఘకాలము నిలుచుట అరుదు కనుక దీనిని ప్రయోగశాల వింతగా చాలమంది ఎంచిరి. కాని వేడి ఒక్కటే కాదు గదా నీటిలో చేరునది!

మొక్కజొన్న చేలలో కలుపు నివారణకు చల్లు అట్రజిన్ మన రైతులకును పరిచితమే. 2010లో కాలిఫోర్నియాలో టైరోన్ హేస్ బృందము జన్యురీత్యా మగవైన 40 జెనోపస్ కప్పలను, నూరుకోట్ల భాగముల నీటికి రెండున్నర భాగముల అట్రజిన్ కలిపి పెంచినది. నూటికి పది వంతులు పూర్తి ఆడకప్పలై, మగవానితో జతకూడి గ్రుడ్లు పెట్టినవి. పిల్లలన్నియు మగవే, గాలియన్ నాడు చూచిన ఫలితమే! అట్టి తల్లులు ఒక చెరువులో పెరిగినచో ఆడ మగ నిష్పత్తి తారుమారగును. ఐతే 2009లో వెలువడిన మరొక విస్తృత ప్రయోగములో అట్టి ప్రభావమేదియు కనబడలేదు. వివాదము తీవ్రముగా సాగినది. 2004లో యూరోపియన్ యూనియన్ ఈ మందుకు అనుమతి నిరాకరించినది కాని, అందుకు కారణము భూగర్భజల కాలుష్యము, కప్పలు కాదు.

ప్రయోగశాల తొట్టెలను విడిచి చెరువులకు పోయినవారికి కనబడినది వేరు. అమెరికాలోని పచ్చకప్పలపై 2015లో ప్రకటింపబడిన పరిశీలనలో అడవి చెరువులకంటె పట్టణ శివారు చెరువులలో ఆడకప్పల పాలు హెచ్చుగా నుండెను. నేరము మానవునిదేనని తేలినట్లు తోచును. కాని 2019లో అదే జాతిపై జరిగిన జన్యు పరీక్షలలో, లింగము మారిన కప్పలు జనసంచారము లేని అడవి చెరువులలోను దొరికినవి! కావున ఒక చెరువులో ఆడకప్పలు ఎక్కువైనంత మాత్రమున మందును నిందించుట తొందరపాటు. రూపమున ఆడయైన కప్ప డి.ఎన్.ఏ.ను కూడ చదివినగాని అది పుట్టుకతో ఆడయో, నీటిలో మారినదో చెప్పుటకు వీలులేదు.