కినోవా, కొర్రలు: వంట, వాడకం

కినోవా చూపునకు చిరుధాన్యమే అనిపించినా గడ్డిజాతి పంట కాదు. మన చక్రవర్తికూరకు దగ్గరి చుట్టం. గింజపై సపోనిన్ అనే చేదు పొర ఉంటుంది కనుక నురగ పోయేవరకు కడగాలి. కప్పు గింజలకు 2 కప్పుల నీరు పోసి, 15 నిమిషాలు సన్నని సెగపై ఉడికించి, 5 నిమిషాలు మూత తీయకుండా ఉంచితే పొడిపొడిగా వస్తుంది. పులిహోరకు బాగుంటుంది, పెరుగన్నానికి మాత్రం కొర్రలే మేలు.

కినోవా ధర భారమనిపించినవారు బళ్లారి అంగళ్లలో ‘నవణె’ అని అడగండి. అవి మన కొర్రలే. మరీ పాలిష్ చేయనివి ఎంచుకోవాలి, పీచు తవుడు పొరలోనే ఉంటుంది. వండేముందు కొన్ని గంటలు నానబెట్టాలి.

మధుమేహం గలవారు వీటిని వరి అన్నానికి బదులుగా, కొలతతో తినాలి గాని దానికి అదనంగా కాదు. పిండిపదార్థం వీటిలోనూ ఉంది. వీటిని తింటున్నామని వైద్యుని అడగకుండా మందు తగ్గించరాదు.