ముందు రిథమ్ గిటార్ విను

చిరంజీవి శ్రావ్యకి,



శనివారం రాత్రి పారిస్ పక్కనున్న సెంతువాన్‌లో, మీ వీధి చివరి బార్‌లో మనూష్ జాజ్ ఉందనీ, నిన్ను వయొలిన్ పట్టుకు రమ్మంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. ఆవిడ బెంగంతా బార్ గురించి. నాకేమో వయొలిన్ గురించి.

ముందు అమ్మ బెంగ తీరుద్దాం. పారిస్‌లో పేట బార్ అంటే పొద్దున కాఫీ తాగే ముసలాళ్లు, సాయంత్రం పిల్లల్తో వచ్చే సంసారులు అందరూ కూర్చునే చోటే. నిమ్మ సోడా అడిగినా, పుదీనా సిరప్ అడిగినా వింతగా చూసేవాళ్లుండరు. ఏదో ఒకటి మాత్రం కొనుక్కో. ఇలాంటి చోట్ల చాలావరకు టికెట్ ఉండదు, మధ్యలో టోపీ తిప్పుతారు. అందులో పది యూరోలు వెయ్యి, చిల్లర గలగల్లాడించకు. వాయించేవాళ్ల రాత్రి కూలి చాలాసార్లు అదే. ఇల్లు ఆ వీధిలోనే అయినా నువ్వు ఒంటిగంటకే బయల్దేరు.

ఇక వయొలిన్. ఈసారికి దాన్ని ఇంట్లోనే ఉంచు.

నీకు చెయ్యి తిరగలేదని కాదు, ముందు వినడం నేర్చుకోవాలని. అక్కడికి వెళ్లిన కొత్తవాళ్లంతా సోలో వాయించేవాళ్ల వేళ్లే చూస్తారు. గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ కథ ఎవరో ఒకరు నీకూ చెప్పి తీరతారు: 1928లో ఇల్లుగా వాడుకునే బండి తగలబడటం, పద్దెనిమిదేళ్ల కుర్రాడి ఎడమచేతి చివరి రెండు వేళ్లూ వంకరపోవడం, మిగిలిన రెండిటితోనే ఆ వేగమంతా సాధించడం. అంతా నిజమే. అయితే 1934లో జాంగో, వయొలినిస్టు స్టెఫాన్ గ్రాపెలీ కలిసి మొదలుపెట్టిన అయిదుగురి బృందంలో డ్రమ్స్ లేవు. జాంగో తమ్ముడు జోసెఫ్, ఇంకో గిటారిస్టూ పక్కన కూర్చుని రిథమ్ వాయిస్తే, వెనక డబుల్ బాస్ నిలబడేది. జోసెఫ్ మంచి గిటారిస్టు. అయినా ఏళ్ల తరబడి అన్న పాటకి తాళం మోశాడు. ఆ పేరు తలుచుకునేవాళ్లు తక్కువ.

కాబట్టి నువ్వు రిథమ్ గిటార్ మనిషికి దగ్గర్లో కుర్చీ చూసుకో. కుడి మణికట్టు గమనించు, ఎంత వదులుగా ఉంటుందో. ఒకటో దెబ్బ నిండుగా పడుతుంది, రెండోది పొడిగా తెగుతుంది. మూడు, నాలుగు మళ్లీ అంతే. ఆ తెగడం కుడిచేతి పని కాదు. ఎడమచేతి వేళ్లు తీగ మీంచి లేవకుండానే నొక్కు వదిలేస్తాయి, నాదం అక్కడికక్కడే ఆగిపోతుంది. దీన్నే ‘పాంప్’ అంటారు. నిమిషానికి రెండు వందల దెబ్బలు దాటిన వేగంలో పాట మొదలు నుంచి చివరిదాకా అలా వాయించడం ఎంత కష్టమో, పక్కన కూర్చుంటే గాని తెలీదు.

పక్కవాద్యం విలువ నీకు నేను చెప్పాలా! కర్ణాటక కచేరీలో గాయకుడు ఎటు వెళ్తే అటు అతని వెనకే నీ కమాను నడిచేది. ఇక్కడ రిథమ్ మనిషి ఎవరి వెంటా పోడు. సోలో ఎంత దూరం తిరిగొచ్చినా ఆయన ఉన్నచోటే ఉంటాడు.

నువ్వు కొత్తగా నేర్చుకోవలసిందీ అక్కడే ఉంది. మనకి శ్రుతి స్థిరం, రాగం దాని మీద విచ్చుకుంటుంది. ఇక్కడ మెజరుకో (నాలుగు దెబ్బలు ఒక మెజరు), రెండు మెజర్లకో కింద కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, మారిపోతుంది. నువ్వు కల్యాణిలో ఎంత బాగా వాయించినా, కింద కార్డ్ మారితే నీ స్వరం అపస్వరమైపోతుంది. జాంగో, గ్రాపెలీ 1937లో రికార్డు చేసిన ‘మైనర్ స్వింగ్’ ఆ రాత్రి ఎలాగూ వాయిస్తారు. దాని చుట్టు పదహారు మెజర్లు. మొదట వేళ్ల మీద లెక్కపెట్టు. లెక్క మానేశాక కూడా చుట్టు ఎక్కడ తిరిగిందో చెవి పట్టేస్తోందంటే వయొలిన్ తీసుకెళ్లే రోజు వచ్చిందన్నమాట. మన సంగీతం దీనికి అడ్డమనుకోకు. మన వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రహ్మణ్యం, గ్రాపెలీ కలిసి 1984లో ఒక ఆల్బమ్ చేశారు, వెతికి విను.

ఇంకొక్క మాట. మనూషులు రోమా జనంలో ఒక శాఖ. రోమా జనం పూర్వీకులు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి బయల్దేరారని భాషా పండితులు తేల్చారు. అలాగని విరామంలో వాయించేవాళ్ల దగ్గరికెళ్లి “మీరు మావాళ్లే” అనకు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు రోమా జనాన్ని లక్షల్లో చంపారు. అలాంటివాళ్లని తెలిసిన ముక్క ఒకటి పట్టుకుని చుట్టాలం అనడం చనువు కాదు, చొరబాటు. పైగా ఆ బార్‌లో వాయించేవాళ్లంతా మనూషులే కానక్కర్లేదు, ఫ్రెంచి పిల్లలూ బోలెడంతమంది నేర్చుకున్నారు. పాట బాగుంటే పాట బాగుందని చెప్పు. బాస్ సోలో వచ్చినప్పుడు మాత్రం మీ బల్ల దగ్గర కబుర్లు ఆపండి. ఉన్నవాటిలో సన్నగా వినపడేది అదే.

రెండు మూడు వారాలు ఇలా విన్నాక, వయొలిన్ పట్టుకెళ్లి సోలో అడగకు. వెనక నిలబడి ఒక పాటకి మెల్లగా తోడు వాయించనిస్తారా అని అడుగు. అలా అడిగినవాళ్లని సాధారణంగా కాదనరు.

ఆదివారం నాకు ఉత్తరం రాయి. సోలోల సంగతి తర్వాత, రిథమ్ వాయించిన మనిషి పేరు కనుక్కుని ముందు అది రాయి.

మీ మామయ్య